డీజిల్‌లో నీళ్లు, ఫిల్టరులో సాక్ష్యం

2025 జూన్ చివరి వారంలో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి కాన్వాయ్ కోసం తెప్పించిన 19 వాహనాలు రత్లాం దగ్గర ఒకే బంకులో డీజిల్ పోయించుకున్నాయి. కాసేపటికే ఒకదాని తర్వాత ఒకటి రోడ్డు మీద ఆగిపోయాయి. తోసి పక్కన పెట్టి ట్యాంకులు ఖాళీ చేస్తే డీజిల్‌తో పాటు నీళ్లు వచ్చాయి. అధికారులు బంకును సీలు చేశారు. వాన నీరు భూమిలోని ట్యాంకులోకి దిగి ఉంటుందన్న మాట అప్పట్లో వినిపించింది. ముఖ్యమంత్రి బండ్లు కాబట్టి సంగతి దేశమంతా తెలిసింది. ఇదే తణుకు దగ్గర వరికోత మిషనుకో, నిజాంపట్నం రేవులో మరబోటుకో జరిగితే పేపర్లో రాదు. ఒక రోజు పని పోతుంది, పంపు పోతుంది, ఒక్కోసారి నాజిళ్లన్నీ పోతాయి. మెకానిక్ వచ్చి ఫిల్టరు మార్చి, ఎయిర్ తీసి, స్టార్ట్ చేసి వెళ్తాడు. పది రోజులకు బండి మళ్లీ ఆగుతుంది. ఈ రెండోసారి ఎందుకు వస్తుందో తెలియాలంటే ఫిల్టరును కాసేపు వదిలి ట్యాంకు అడుగుకు వెళ్లాలి.

పూర్తిగా శుద్ధమైన డీజిల్ ఎక్కడా దొరకదు. బీఎస్-6 ప్రమాణం ప్రకారం కిలో డీజిల్‌లో 200 మిల్లీగ్రాముల దాకా నీరు, 24 మిల్లీగ్రాముల దాకా ఘన మలినం ఉండొచ్చు. వెయ్యి లీటర్ల డీజిల్ సుమారు 830 కిలోలు తూగుతుంది. అంటే ఏ కల్తీ జరగకుండా, అన్ని పరీక్షలూ దాటి వచ్చిన వెయ్యి లీటర్లలోనూ 166 గ్రాముల నీరు, అంటే ఒక చిన్న గ్లాసుడు, దాంతోపాటు 20 గ్రాముల నలుసు ఉండే వీలుంది. ఇది పైహద్దు. రిఫైనరీ నుంచి వచ్చే సరుకు మామూలుగా ఇంతకన్నా శుభ్రంగానే ఉంటుంది. కానీ రిఫైనరీకీ మన ట్యాంకుకీ మధ్య పైపులైను, డిపో, ట్యాంకరు లారీ, బంకు, ఆ పైన ప్లాస్టిక్ డబ్బానో డ్రమ్మో ఉంటాయి. చేయి మారిన ప్రతిచోటా కొంత చెత్త కలుస్తుంది.

డీజిల్‌లో నీరు మూడు రకాలుగా ఉంటుంది. కొంత కరిగిపోయి కంటికి కనిపించదు. కొంత సన్నటి తుంపరగా తేలుతూ డీజిల్‌ను మసకబారుస్తుంది. మిగతాది అడుగున విడిగా చేరుతుంది. వేడి డీజిల్‌లో ఎక్కువ నీరు కరుగుతుంది, చల్లబడితే ఆ అదనపు నీరు విడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో నిగనిగలాడిన డీజిల్ తెల్లవారుజామున మసకగా కనిపించడానికి ఇదే కారణం. విడిపోయిన బిందువు కిందికి దిగడానికి పట్టే సమయం దాని వ్యాసం మీద ఆధారపడి ఉంటుంది. స్టోక్స్ సూత్రంతో లెక్కేస్తే 100 మైక్రాన్ల బిందువు మీటరు లోతు దిగడానికి గంట చాలు. 10 మైక్రాన్ల బిందువుకు అదే లోతు దిగడానికి నాలుగు రోజులు కావాలి. అందుకే బంకులో ట్యాంకరు అన్‌లోడ్ అవుతున్నప్పుడూ, అయిన వెంటనేనూ డీజిల్ పోయించుకోకూడదు. అడుగున కుదురుగా ఉన్న నీరూ మడ్డీ అప్పుడే పైకి లేస్తాయి. మోసుకొచ్చిన డ్రమ్మును దించిన గంటలోనే కుదిపి వంచి ట్రాక్టరులో పోసుకోవడమూ అంతే.

నీరు లోపలికి వచ్చే దారుల్లో అందరూ మొదట చెప్పేది గాలిలోని తేమ. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి ఆవిరి నీరై గోడల వెంట కారుతుందని పుస్తకాలూ రాస్తాయి, మెకానిక్కులూ చెబుతారు. మాట నిజమే, దాని పరిమాణం ఎంతో లెక్క చూస్తే మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిన ఒక ఘనమీటరు గాలిలో 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది, 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే నిలుస్తుంది. ట్యాంకులో వంద లీటర్ల ఖాళీ ఉంటే మొదటి రాత్రి మహా అయితే 1.3 గ్రాముల నీరు దిగుతుంది. మర్నాటి నుంచి అంత కూడా రాదు, ఎందుకంటే పగలు వేడికి బయటికి పోయి రాత్రి లోపలికి వచ్చే కొత్త గాలి నాలుగైదు లీటర్లకు మించదు. అందులో ఉండే నీరు గ్రాములో పదోవంతు. ఈ లెక్కన రెండు నెలలకు పోగయ్యేది పది గ్రాముల లోపే. పడవ ట్యాంకు పెద్దదైతే ఆ మేరకు పెరుగుతుంది. కాబట్టి ట్యాంకు నుంచి లీటర్ల కొద్దీ నీళ్లు దిగితే తప్పు గాలిది కాదు. మూత వాషరు చూడాలి, బ్రీదరు గొట్టం చూడాలి, బండి కడిగేటప్పుడు ప్రెషర్ పైపు ఎటు తిప్పుతున్నారో చూడాలి, పడవ అయితే డెక్కు మీద డీజిల్ పోసే మూతను చూడాలి.

వీటన్నిటికన్నా డ్రమ్ము గురించి నాకు ఎక్కువ దిగులు. పొలం గట్టు మీద, రొయ్యల చెరువు దగ్గర, రోడ్డు పనుల చోట 200 లీటర్ల డ్రమ్మును నిటారుగా నిలబెట్టి ఉంచడం ఎక్కడైనా చూస్తాం. డ్రమ్ము పైభాగం అంచు కన్నా కొద్దిగా లోతుగా ఉంటుంది, వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. బిరడాలు రెండూ ఆ నీళ్లలోనే మునిగి ఉంటాయి. డీజిల్ ఒక్కో డిగ్రీ వేడికి పదివేలలో ఎనిమిది వంతులు వ్యాకోచిస్తుంది. ఎండకు 15 డిగ్రీలు వేడెక్కితే 200 లీటర్లు దాదాపు రెండున్నర లీటర్లు పెరుగుతాయి. ఆ ఒత్తిడికి లోపలి గాలి బిరడా మరల సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం వాన కురిసి డ్రమ్ము ఒక్కసారిగా చల్లబడితే లోపల ఖాళీ ఏర్పడి, బిరడా మీద నిలిచిన నీటిని అదే సందుల్లోంచి పీల్చుకుంటుంది. రోజూ కొద్దికొద్దిగా జరిగే ఈ పని ఒక వానాకాలంలో లీటర్ల లెక్కకు చేరుతుంది, పైనుంచి చూస్తే బిరడా గట్టిగానే బిగించి ఉంటుంది. విరుగుడుకు పైసా ఖర్చు లేదు. డ్రమ్మును పడుకోబెట్టి, బిరడాలు రెండూ అడ్డంగా ఒకే మట్టంలో ఉండేలా, లోపలి డీజిల్ వాటిని తడుపుతూ ఉండేలా ఉంచాలి. కుదరకపోతే ఒకవైపు కింద చెక్కముక్క పెట్టి, నీళ్లు బిరడాల వైపు నిలవకుండా వంచి ఉంచాలి. పైన రేకు కప్పితే ఇంకా మేలు.

ఇంత నీరు చేరితే ఏమవుతుంది? తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. అంతగా తెలియనిది అడుగున పెరిగే జీవం. డీజిల్ అంటే సుమారు పది నుంచి ఇరవై రెండు కార్బన్ పరమాణువుల పొడవున్న హైడ్రోకార్బన్ గొలుసులు. మనకు అది ఇంధనం, కొన్ని సూక్ష్మజీవులకు అది ఆహారం. వాటిలో పేరుపడ్డది హార్మోకోనిస్ రెసినే అనే బూజు, ఇప్పటి శాస్త్రీయ నామం అమోర్ఫోథెకా రెసినే. నేలలో సహజంగా ఉంటుంది, గాలిలో దాని బీజాలు తిరుగుతుంటాయి. ఉత్త డీజిల్‌లో అది పెరగలేదు. దానికి నీరు కావాలి. నీటికీ డీజిల్‌కీ మధ్య ఉండే సరిహద్దు పొర మీద అది కాపురం పెడుతుంది. తిండి పై నుంచి, నీరు కింది నుంచి అందుతాయి. మిల్లీమీటరు మందం నీటి పొర ఉన్నా సరిపోతుంది. అందుకే తేమ వల్ల వచ్చే ఆ కొద్ది గ్రాముల నీటినీ తేలిగ్గా తీసేయలేం.

దీన్ని చూసినవాళ్లు నాచు అనుకుంటారు. నాచుకు వెలుతురు కావాలి, ట్యాంకులో ఉండేది చీకటి. గోధుమ, నలుపు రంగుల్లో పాకుడులా, తోలు ముక్కలా సాగే పొరలు అల్లుతుంది ఈ బూజు. దాని చాటున బాక్టీరియా చేరతాయి. ఇవి వదిలే సేంద్రియ ఆమ్లాలు పొర కింద లోహాన్ని చిన్న చిన్న గుంటలుగా తింటాయి. పడవ ట్యాంకులోకి సముద్రపు నీరు చేరితే కథ మరింత ముదురుతుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. గాలి తగలని అడుగున కొన్ని బాక్టీరియా ఆ సల్ఫేటుతో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. అడుగు వాల్వు తిప్పగానే కుళ్లిన గుడ్ల వాసన వస్తే సంగతి అదే.

ఈ బూజు గొడవ ప్రపంచానికి గట్టిగా తెలిసింది విమానాల వల్ల. 1950ల చివరా 1960లలోనూ జెట్ విమానాలు పెరిగాక, వాటి రెక్కల్లోని కిరోసిన్ ట్యాంకుల్లో ఇది అల్లుకుని ఫిల్టర్లను పూడ్చింది, అల్యూమినియంను తొలిచింది. ఇంధనంలోని నీరు ఆకాశంలో గడ్డకట్టకుండా అమెరికా సైన్యం కలిపిన రసాయనం బూజును కూడా అణచడం ఆనాటి అదృష్టం.

ఇప్పటి డీజిల్ ఈ జీవానికి మునుపటికన్నా అనుకూలంగా ఉందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చాలామంది అంటారు. బీఎస్-4లో కిలోకి 50 మిల్లీగ్రాములున్న గంధకం 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్-6లో 10కి తగ్గింది. మన ఊపిరితిత్తుల కోసం అది తప్పనిసరి మార్పు, దానిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. గంధకం తీసే ప్రక్రియలో డీజిల్‌కు సహజంగా ఉన్న జిడ్డుగుణం కూడా కొంత పోతుంది, దాన్ని రసాయనాలతో తిరిగి చేరుస్తారు. ప్రమాణం 7 శాతం దాకా బయోడీజిల్‌నూ అనుమతిస్తుంది. బయోడీజిల్ నూనెల నుంచి వచ్చేది కనుక మామూలు డీజిల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని కరిగించుకుంటుంది, సూక్ష్మజీవులకూ త్వరగా జీర్ణమవుతుంది. పదేళ్ల కింద ఏడాది పాటు నిల్వ ఉంచినా ఇబ్బంది పెట్టని తీరులో ఇవాళ ఉంచితే కుదరదు.

ఇంజన్లు కూడా మారాయి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపిన ఇంజనులో ఇంధనాన్ని లోపలికి కొట్టడానికి పెద్ద కంప్రెసరుతో గాలి వాడేవారు. 1927లో బాష్ సంస్థ చిన్న ఇంజెక్షన్ పంపును పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజను లారీలోకి, తర్వాత ట్రాక్టరులోకి ఎక్కింది. మన దగ్గర 1951లో బెంగళూరులో మొదలైన మైకో సంస్థ ఆ పంపులను ఊరూరికీ చేర్చింది. ఆ పంపులో ఎలిమెంటు అనే పిస్టను, దాని గొట్టం ఒకదానికొకటి సానబట్టి జతచేసినవి. ఒక జతలోది తీసి ఇంకో జతలో పెట్టకూడదు, ఆ తేడా మైక్రాన్లలో ఉంటుంది. అయినా ఆ పాత పంపు కొంత మలినాన్ని ఓర్చుకునేది. అరిగితే పికప్ తగ్గేది, నల్లపొగ వచ్చేది, ఆటోనగర్‌లో కాలిబ్రేషన్ చేయించుకుని మళ్లీ నడిపేవారు.

1997లో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతికి ఆ ఓర్పు లేదు. ఇప్పుడు డీజిల్ 2000 బార్, ఆ పైన ఒత్తిడితో నిలబడి ఉంటుంది. ఇంజెక్టరు లోపల కదిలే భాగాల మధ్య సందు ఒకటి నుంచి మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు ఉంటుంది. కంటికి కనిపించే నలుసు కనీసం 40 మైక్రాన్లు. అంటే ఇంజెక్టరును చంపే నలుసు మన కంటికి ఎప్పటికీ కనిపించదు. అంత ఒత్తిడిలో సన్నటి ఇసుక రేణువు ఉక్కును ఉలిలా చెక్కుతుంది. నీటిబొట్టు ఇంకో రకంగా పాడు చేస్తుంది. డీజిల్ జిడ్డు లేనిచోట లోహం లోహాన్ని రాసుకుంటుంది, వేడి నాజిల్ మొనలో నీరు ఒక్కసారిగా ఆవిరైతే మొన పగులుతుంది. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణం వచ్చాక ఈ సున్నితమైన వ్యవస్థ పొలంలోకీ దిగింది. బండి మారినా డబ్బా, గరాటు, డ్రమ్ము మారలేదు. పంచె గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టి పోస్తే సరిపోతుందనుకునే రైతుకు ఆ గుడ్డ రంధ్రాలు ఎంత పెద్దవో ట్రాక్టరు అమ్మేటప్పుడే చెప్పాల్సింది. గుడ్డ ఆకునూ పురుగునూ ఆపుతుంది, నలుసును ఆపదు, పైగా తన నూలు పోగులు కొన్ని కలుపుతుంది.

ఇక ఫిల్టరు దగ్గరికి వద్దాం. సాధారణంగా రెండు దశలు ఉంటాయి. ట్యాంకు వైపు నీటిని విడదీసే సెడిమెంటరు, దానితో 10 నుంచి 30 మైక్రాన్ల ఫిల్టరు. ఇంజను వైపు 2 నుంచి 5 మైక్రాన్ల సన్న ఫిల్టరు. లోపల మడతలు మడతలుగా ఉండే కాగితం పైకి జల్లెడలా కనిపిస్తుంది గానీ అది పని చేసే తీరు వేరు. చిక్కుపడిన నారల మధ్య వంకర దారుల్లో డీజిల్ ప్రవహిస్తుంటే, రంధ్రం కన్నా చిన్న నలుసులు కూడా నారలకు తగిలి అతుక్కుపోతాయి. కాగితానికి నీటిని అంటించుకోని పూత ఉంటే చిన్న తుంపరలు పైనే కలిసి పెద్ద బొట్లయి గిన్నెలోకి జారతాయి. డీజిల్‌లో సబ్బులాంటి గుణమున్న పదార్థాలు ఎక్కువైతే తుంపరలు కలవవు, నీరు కాగితం దాటిపోతుంది. ట్యాంకులో నీరు పోవాలని ఏదో సీసాలోని మందు పోసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కొన్ని మందులు నీటిని డీజిల్‌లో సన్నగా చిలికి కలిపేస్తాయి. సెడిమెంటరులో నీరు కనిపించడం మానేస్తుంది, ఆ నీరంతా ఇంజెక్టరుకు చేరుతుంది. అడుగున నీరుంటే దాన్ని అడుగు నుంచే తీసేయాలి.

ఫిల్టరు డబ్బా మీద 5 మైక్రాన్లు అని ఉంటే అంతకన్నా పెద్దదేదీ పోదని కాదు. నామినల్ అని వేస్తే సగం నలుసులు దాటిపోయినా ఆ అంకె చెల్లుతుంది. బీటా 200 అని ఉంటే ఆ పరిమాణమున్న 200 నలుసుల్లో ఒకటి మాత్రమే దాటుతుంది, అంటే 99.5 శాతం ఆగుతాయి. రోడ్డు పక్క షాపులో సగం ధరకు దొరికే ఫిల్టరుకూ అసలుదానికీ తేడా ఈ అంకెలో ఉంటుంది, రంగులోనూ మరలోనూ కనిపించదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, కొంత వాడిన ఫిల్టరు కొత్తదాని కన్నా మెరుగ్గా వడకడుతుంది. పట్టుకున్న మలినమే దారులను ఇరుకు చేస్తుంది. ఆ ఇరుకు ఒక హద్దు దాటాక డీజిల్ అందదు. న్యూట్రల్‌లో ఇంజను చక్కగా తిరుగుతుంది, లోడు పడగానే పికప్ రాదు, ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మిస్సింగ్ కొట్టి ఆగుతుంది, కాసేపు ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ నడుస్తుంది. ఈ లక్షణాలు కనిపించినప్పుడు పంపు విప్పకముందు ఫిల్టరు చూడాలి. విప్పాక ఆ పాత ఫిల్టరును పారేయొద్దు. కోసి, కాగితాన్ని పరిచి చూడాలి. ఎర్రగా పొడిలా ఉంటే తుప్పు. వేలికి జిగటగా తోలులా వస్తే బూజు. కాఫీ పొడిలా నల్లగా ఉంటే అది ఎక్కువసార్లు వేడెక్కి పాతబడిన డీజిల్‌దే కావొచ్చు, ఎందుకంటే కామన్ రైల్ పంపు కాల్చేదానికన్నా ఎక్కువ డీజిల్‌ను తిప్పుతూ, మిగిలింది వేడిగా ట్యాంకుకే పంపుతుంది. చలి ప్రాంతాల్లో మలినమే లేకుండా కూడా ఫిల్టరు మూసుకుపోతుంది. డీజిల్‌లోని మైనం గడ్డకట్టి కాగితం మీద పేరుకుంటుంది. అందుకే 2019 నవంబరులో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను విడుదల చేశారు. కోస్తాలో ఆ బాధ లేదు.

ఫిల్టరు మీద మరీ భారం వేస్తే ఏమవుతుందో ఒక విమానం చూపించింది. 2010 ఏప్రిల్ 13న ఇండోనేషియాలోని సురబయ నుంచి హాంకాంగ్ వెళ్తున్న కేథే పసిఫిక్ 780 విమానంలో రెండు ఇంజన్లూ పైలట్ మాట వినడం మానేశాయి. ఒకటి దాదాపు 70 శాతం వేగం దగ్గర బిగుసుకుపోయింది, తగ్గమంటే తగ్గలేదు. విమానం గంటకు సుమారు 425 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీద దిగింది. 322 మందీ బతికారు. సురబయ విమానాశ్రయంలో ఇంధన పైపుల విస్తరణ పనులప్పుడు ఉప్పునీరు లోపలికి చేరిందని దర్యాప్తులో తేలింది. విమానంలోకి ఇంధనం ఎక్కించే వాహనపు ఫిల్టర్లలో నీటిని పీల్చి ఉబ్బి దారి మూసేసే పాలిమరు పొర ఉండేది. ఉప్పునీటి దెబ్బకు ఆ పాలిమరే సన్నటి గుళికలై ఇంధనంతో పాటు వెళ్లి ఇంజను వాల్వుల్లో ఇరుక్కుంది. అలాంటి ఫిల్టర్లను తర్వాత విమాన రంగం దశలవారీగా పక్కన పెట్టింది.

మన తీరంలో ఈ కష్టం కచ్చితంగా ఎప్పుడు వస్తుందో చెప్పొచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో పడవలు కట్టేసి ఉంటాయి. ఏడాదిలోకెల్లా వేడిగా, ఉక్కగా ఉండే రోజులివి, బూజుకు ఇంతకన్నా మంచి కాలం లేదు. ట్యాంకులో డీజిల్ కదలకుండా ఉంటుంది, అడుగున పొర అల్లుకుంటుంది. జూన్ 15న నైరుతి గాలుల్లో పడవ బయల్దేరుతుంది. రేవు దాటగానే అలలకు ట్యాంకు ఊగి, రెండు నెలల మడ్డి ఒక్కసారి పైకి లేచి ఫిల్టరు మీద పడుతుంది. ఒడ్డున ఎంతసేపు ఇంజను నడిపి చూసినా ఈ జబ్బు బయటపడదు. ఇంజను ఆగిన పడవ అలలకు అడ్డం తిరుగుతుంది, అందులో ఉన్నవాళ్ల ప్రాణాలు ఒక కాగితం మడత మీద ఆధారపడతాయి. సరంగులందరికీ ఈ అనుభవం తెలుసు, అందుకే అదనపు ఫిల్టర్లు వెంట పెట్టుకుంటారు. ఆ జాగ్రత్తతో పాటు, బయల్దేరే ముందు వారంలోనే ట్యాంకు అడుగు చూసుకోవాలని నా మనవి. తుపాను తర్వాతి కరెంటు కోతల్లో నడిచే జనరేటర్లదీ ఇదే కథ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దెబ్బకు విశాఖ రోజుల తరబడి చీకటిలో ఉంది. ఏడాదిలో పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపే జనరేటరు ట్యాంకు అడుగును అలాంటి రోజు వరకూ ఎవరూ చూడరు.

చూడటం కష్టమైన పని కాదు. ఇంజను ఒక రాత్రంతా ఆపి ఉంచి, ట్యాంకు అడుగు ప్లగ్గు తిప్పి, మొదట వచ్చే అర లీటరును గాజు సీసాలో పట్టాలి. ప్లాస్టిక్ సీసా మసకగా ఉంటుంది, వద్దు. గంటసేపు కదపకుండా పెడితే నీరు కింద గీత గీసినట్టు విడిపోతుంది. గీత మీద మెత్తని గోధుమ పొర తేలుతుంటే బూజు మొదలైనట్టు. అడుగు ప్లగ్గు లేని ట్యాంకులో సన్న గొట్టం అడుగు దాకా దింపి చేతిపంపుతో లాగాలి. గొట్టం నోట్లో పెట్టి పీల్చే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది, దాన్ని మానమని బతిమాలుతున్నాను. గుక్కెడు డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. బంకులో, డిపోలో కొలకర్రకు రాసే నీటి పేస్టు కూడా ఉంది, నీరు తగిలిన మేర రంగు మారుతుంది. రైతు సంఘానికో, రేవు సంఘానికో ఒక ట్యూబు కొనిపెట్టుకుంటే అందరికీ పనికొస్తుంది. డీజిల్ మీద అనుమానం వస్తే బంకులోనే సాంద్రత పరీక్ష చేయించమని అడిగే హక్కు వినియోగదారుకు ఉంది.

నీరు మాత్రమే ఉంటే, తేరిన డీజిల్ వచ్చేదాకా కిందికి వదిలేస్తే చాలు. బూజు ఉంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి లోపలి గోడలు గీకి తుడవాలి. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, పీల్చే గాలి చాలకపోవచ్చు, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉండొచ్చు. మనిషి ఒంటరిగా తల దూర్చకూడదు, పక్కన వెల్డింగు చేయకూడదు. ఆ తర్వాతే బూజు మందు, అదీ డబ్బా మీద రాసిన మోతాదులో. మందు బూజును చంపుతుంది గానీ చచ్చిన పొరలను మాయం చేయదు. అవి ఊడివచ్చి మునుపటికన్నా ఎక్కువగా ఫిల్టరును పూడుస్తాయి. అందుకే శుభ్రం చేయకుండా మందు పోస్తే సముద్రంలో ఇంజను ఆగుతుంది. మోతాదు పెరిగినా ముప్పే. 2020 ఫిబ్రవరిలో లండన్ గాట్విక్ నుంచి ఎగిరిన టైటన్ ఎయిర్‌వేస్ విమానం ఇంజన్లు మొరాయించి కొద్ది నిమిషాల్లోనే వెనక్కి దిగింది. దాని ట్యాంకుల్లో బూజు మందును లెక్క తప్పి, చెప్పినదానికి 38 రెట్లు కలిపారు. నీరు పోవాలని డీజిల్‌లో పెట్రోలు, స్పిరిటు, కిరోసిన్ కలిపే చిట్కాలు అసలే వద్దు. జిడ్డు పోయి పంపు అరుగుతుంది, పెట్రోలు కలిస్తే నిప్పు అంటుకునే ముప్పూ పెరుగుతుంది.

శుభ్రం చేశాక వేసిన ఫిల్టరు త్వరగా నిండుతుంది, మామూలు గడువుకు ఆగకుండా ముందే మార్చాలి. కొత్త ఫిల్టరును పైన రంధ్రంలోంచి డీజిల్ పోసి నింపి బిగించడం చాలామంది మెకానిక్కుల అలవాటు. ఎయిర్ త్వరగా పోతుంది నిజమే, కానీ మధ్య రంధ్రంలో పోసింది వడకట్టకుండా నేరుగా పంపుకు వెళ్తుంది. ప్రైమింగ్ పంపు పది సార్లు ఎక్కువ నొక్కితే నొక్కారు, ఖాళీ ఫిల్టరే బిగించాలి. ఎయిర్ తీయడానికి పాత ఇంజన్లలో నాజిల్ పైపు నట్టు వదులు చేసేవారు. కామన్ రైల్ ఇంజను తిరుగుతుండగా ఆ పని చేస్తే వందల బార్ల ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది పోటులా ఉంటుంది, గంటల్లో చేయి తీసేయాల్సిన పరిస్థితి రావొచ్చు. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎక్కువ రోజులు ఆపి ఉంచేటప్పుడు ట్యాంకు నింపి ఉంచాలా, ఖాళీగా ఉంచాలా అని అడుగుతుంటారు. రెండు మూడు నెలలకైతే నీరు తీసేసి, నిండుగా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. ఖాళీ జాగా తగ్గితే తేమా తగ్గుతుంది, రేకు గోడలు తుప్పు పట్టవు. ఏడాదికి పైగా అయితే అంత డీజిల్ పాతబడుతుంది, తక్కువ ఉంచి తరచూ మార్చడమే మేలు.

అడుగు నుంచి తీసిన నీటి డీజిల్ ఎటు పోతుందన్నది మిగిలింది. రేవుల్లో అది చాలావరకు నీళ్లలోకే పోతుంది, పొలంలో కాలువలోకి. అందులో డీజిల్‌తో పాటు బూజు మందు కూడా ఉంటుంది, చేప పిల్లలకు అది విషం. ఒక డ్రమ్ములో పోసి నాలుగు రోజులు నిలబెడితే నీరు కిందికి దిగి డీజిల్ పైన తేరుతుంది. దాన్ని మళ్లీ ఇంజనులో పోయకుండా, అడుగు మడ్డితో కలిపి, వాడిన ఇంజనాయిలు తీసుకునే లైసెన్సున్న వాళ్లకు అప్పగించాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే. వేట నిషేధం ముగిసే ముందు వారం ప్రతి రేవులో డీజిల్ పోసే చోట అలాంటి డ్రమ్ము ఒకటి, ఒక గాజు సీసా, ఒక నీటి పేస్టు ట్యూబు పెట్టించడం మత్స్యశాఖకూ పడవ యజమానుల సంఘాలకూ పెద్ద ఖర్చు కాదు.